పరీక్ష ఏది అడిగితే చదువు అటే పోతుంది

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో సైన్సు చదువు, దాని పరీక్షలు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. ఇది పంతుళ్ల విషయం గదా, మాకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని ఇది తల్లిదండ్రుల విషయమేనని నేను అనుకుంటున్నాను. ఏ పాఠం చెప్పాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఎట్లా చెప్పాలో మాస్టారు చూసుకుంటారు. కాని ఇంట్లో పిల్లవాడిని దేనికి మెచ్చుకోవాలో నిర్ణయించేది మనమే. వాడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు మన కన్ను ముందుగా ఎక్కడ పడుతుందో వాడు బాగా గమనిస్తాడు. మరుసటి రోజు నుంచి వాడి చదువు కూడా అటే నడుస్తుంది.

1980 ఫిబ్రవరి 16వ తేదీ ఇక్కడున్న పెద్దలలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. మన పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఇబ్రహీంపట్నం ప్రాంతంలో జపాల్-రంగాపూర్ దగ్గర ఒక వేధశాల ఉంది. సూర్యుడు పూర్తిగా మరుగయ్యే దారిలోనే ఆ వేధశాల పడింది. మన దేశం నుంచీ, విదేశాల నుంచీ శాస్త్రజ్ఞులు పరికరాలు మోసుకుని అక్కడికి వచ్చారు. అదే సమయానికి నగరంలో వీధులన్నీ కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయినాయి. తలుపులు, కిటికీలు మూసుకుని జనం లోపల కూర్చున్నారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను పక్క మీద నుంచి కదలనివ్వని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వండిన అన్నం పారబోసిన ఇళ్లూ ఉన్నాయి.

ఒక్క మాట చెప్పాలి. సూర్యుణ్ణి వట్టి కళ్లతో చూడడం ప్రమాదమే. ఆ జాగ్రత్త తప్పు కాదు. కాని తలుపులు మూసుకున్న ఆ ఇళ్లలో బడికి పోయే పిల్లలు కూడా ఉన్నారు. "సూర్యగ్రహణం ఎట్లా ఏర్పడుతుంది?" అన్న ప్రశ్నకు వాళ్లు పరీక్షలో జవాబు రాసినవాళ్లే. సూర్యుడికి, భూమికి మధ్యన చంద్రుడు వస్తాడని బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. మార్కులు ఇచ్చిన మాస్టారి ఇంటి తలుపు కూడా కొన్నిచోట్ల మూసే ఉంది. జవాబు పేపరు మీద ఉంది, మనసులోకి దిగలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడమే ఈనాటి నా విషయం.

ఆ రోజు ఒక అట్టముక్కకు గుండుసూదితో చిన్న బెజ్జం చేసి, సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబడి, ఆ బెజ్జం గుండా వచ్చే వెలుగును ఒక తెల్ల కాగితం మీద పట్టి ఉంటే, సూర్యుడి నెలవంక ఆకారం ఏ ప్రమాదమూ లేకుండా కనిపించి ఉండేది. చెట్టు నీడలో, ఆకుల సందుల నుంచి నేల మీద పడే వెలుగు చుక్కలు కూడా గ్రహణం వేళ నెలవంకలుగా మారతాయి. 2019 డిసెంబరు 26 ఉదయం మన హైదరాబాదులో పాక్షిక గ్రహణం పట్టినప్పుడు ఇట్లా చూసిన పిల్లలకు ఆ విషయం తెలుసు.

ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. వెయ్యి సంవత్సరాల కిందట బస్రాలో పుట్టి, కైరోలో జీవించిన ఇబ్నుల్ హైతమ్ గ్రహణం వేళ బెజ్జం గుండా పడే ఈ నెలవంక ఆకారం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆయన పేరు మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాము. ఆయన చేసిన పని ఏమిటో పిల్లలకు చెప్పడం మాత్రం తక్కువ. ఒక చీకటి గది ముందర కొన్ని దీపాలు వరుసగా పెట్టాడు. గది తలుపుకు ఒక బెజ్జం. ఆ బెజ్జం గుండా లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూశాడు. దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే పోయింది. తెరిచాడు, అది మళ్లీ వచ్చింది. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందనీ, ఒకే బెజ్జంలో కలిసినా ఒక దీపం వెలుగు మరొకదానితో కలగాపులగం కాదనీ ఆయన ఇట్లా చూపించాడు. ఎవరో పెద్దవాళ్లు చెప్పారని నమ్మలేదు. ఒకటి మార్చి చూశాడు, తక్కినవి మార్చకుండా ఉంచాడు. సైన్సు అంటే ముఖ్యంగా ఇదే. ఈ పని మన ఎనిమిదో తరగతి పిల్లవాడు రెండు కొవ్వొత్తులతో వంటగదిలో చేయగలడు. దానికి లక్షల రూపాయల ప్రయోగశాల అవసరం లేదు.

1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణలో పౌరుల ప్రాథమిక విధులు చేర్చారు. శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంపొందించుకోవడం వాటిలో ఒకటి. 1981లో దేశంలోని కొందరు పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి శాస్త్రీయ దృష్టి గురించి ఒక ప్రకటన చేశారు. అందులో ముఖ్యులైన పుష్పమిత్ర భార్గవగారు మన తార్నాక దాటగానే హబ్సిగూడ దారిలో ఉన్న సీసీఎంబీని నెలకొల్పినవారు. అంటే ఈ ఆలోచనకు మన పొరుగున ఇల్లే ఉంది. లాలాగూడ నుంచి నడిచిపోయేంత దూరంలో, జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కూనూరు నుంచి 1958లో అది ఇక్కడికి తరలి వచ్చింది. జొన్నరొట్టె మీద బతికే దక్కను పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి ఎందుకు వస్తోందని అక్కడి గోపాలన్‌గారు, శ్రీకాంతయ్యగారు ప్రశ్న వేసుకున్నారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థం కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. తరువాత కొందరు శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి, ఇంకా వేరే కారణాలున్నాయని వాదించారు. సైన్సు నడిచే తీరు అది. పేదవాడి పళ్లెంలోని రొట్టె దగ్గర ఒక ప్రశ్న పుడుతుంది. దానికి ఒక ఊహ. ఊహకు ఒక పరీక్ష. ఆ పరీక్ష మీద మళ్లీ ఒక ప్రశ్న.

మరి మన పిల్లల పరీక్షలో ఇందులో ఏది ఉంది? "నిర్వచించుము, భేదములు రాయుము, పటము గీచి భాగములు గుర్తించుము." గైడులో ఉన్నది పేపరులోకి దిగాలి. బట్టీ పట్టడాన్ని మన ఇళ్లలో రట్టా అంటాము. రట్టా వేసినవాడికి పదికి పది. పిల్లవాడి తప్పు ఏముంది? పరీక్ష ఏది అడుగుతుందో వాడు అదే చేస్తున్నాడు.

ఈ మాట అర్థం కావడానికి మనం దూరం పోనక్కరలేదు. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు నిజాం కాలం నుంచీ ఉంది. ఈ హాలులో ఎన్ని కుటుంబాలు ఆ వర్క్‌షాపు అన్నం తిన్నాయో మీకే తెలుసు. అక్కడ ఫిట్టరుకు ట్రేడ్ టెస్టు ఎట్లా పెడతారు? "ఆకురాయిని నిర్వచించుము" అని అడిగి వదిలిపెట్టరు. ఒక ఇనుపముక్క, ఒక డ్రాయింగు చేతికిస్తారు. ఇంత కొలతకు, ఇంత నునుపుకు తయారుచెయ్యి అంటారు. తయారైన ముక్కకు మూలమట్టం ఆనించి వెలుగు వైపు పట్టుకుని చూస్తారు. సందులోంచి వెలుగు కనిపిస్తే పని తప్పు. అక్కడ సిఫారసు పనిచేయదు, రట్టా పనిచేయదు. నాలుగు తరాలుగా పనిని పని ద్వారానే పరీక్షించిన పేట మనది. సైన్సును మాత్రం సైన్సు చేయించకుండా పరీక్షిస్తుంటే మనకు వింతగా తోచకపోవడమే వింత.

ప్రభుత్వాలు ఈ సంగతి గుర్తించలేదని అనలేము. 2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని చెప్పింది. అంటే ఏడాది చివర ఒక్కసారి కాకుండా, ఏడాది పొడుగునా పిల్లవాడి ఎదుగుదలను పలువిధాలుగా చూడాలని. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త విద్యాప్రణాళిక తయారైంది. దాని ప్రకారం వచ్చిన సైన్సు పుస్తకాలు తీసి చూడండి. విద్యాప్రమాణాలు అని కొన్ని ఉంటాయి. విషయావగాహన వాటిలో ఒకటి మాత్రమే. ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఒకటి. ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు ఒకటి. సమాచారం సేకరించి ప్రాజెక్టు చేయడం ఒకటి. బొమ్మలు, నమూనాలు ఒకటి. నేర్చినదాన్ని నిత్యజీవితంలో వాడడం ఒకటి. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలోనే ఇచ్చేటట్టు పెట్టారు. ఆ ఇరవైకి నాలుగు దారులు. తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, చిన్న పరీక్ష.

ఇంత మంచి ఆలోచన ఆచరణలో ఏమైంది? చాలా బడులలో ఇరవైకి ఇరవై, లేకపోతే పంతొమ్మిది. చేసినవాడికీ అంతే, చేయనివాడికీ అంతే. ప్రాజెక్టు అంటే స్టేషనరీ దుకాణంలో దొరికే థర్మోకోల్ బొమ్మ అయింది. నలభై, యాభై మంది ఉన్న తరగతిలో మాస్టారికి రికార్డులు నింపడంతోనే పొద్దు గుంకింది. తల్లిదండ్రులు సంతోషించారు, ఊరికే వచ్చే మార్కులు ఎవరికి చేదు? చివరకు 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతిలో ఆ ఇరవై మార్కులను తీసివేసింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కూడా ఎత్తివేస్తామని ప్రకటించి, మరునాడే ఆ నిర్ణయాన్ని వాయిదా వేసుకుంది. మార్కులు ఉండాలా పోవాలా అన్న తగవు సాగింది గాని, ఆ ఇరవై దేనికోసం వచ్చాయో అడిగినవారు తక్కువ.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. బడిలో ఇచ్చే మార్కులంటే మనవాళ్లలో చాలామందికి లోపల ఒక భయం ఉంది. పబ్లిక్ పరీక్ష పేపరు మీద హాల్ టికెట్ నెంబరు ఉంటుంది, పేరు ఉండదు. దిద్దేవారికి వాడు ఎవరి కొడుకో, ఆమె ఏ బస్తీ పిల్లో తెలియదు. పేదవాడికి, బలం లేనివాడికి ఆ నెంబరు ఒక రక్షణ. ముఖం చూసి మార్కులు వేసే చోట, వేసేవారి మనసు ఎట్లా ఉంటుందోనన్న దిగులు అసహజం కాదు. ఈ దిగులును కాదనే హక్కు ఎవరికీ లేదు. కనుక రాత పరీక్షే వద్దని నేను అనడం లేదు.

అయితే ఆ నెంబరు కూడా పూర్తి న్యాయం చేయదని గమనించండి. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మెకానిక్ షెడ్డులో తండ్రి పక్కన కూర్చునే కుర్రవాడికి, బ్యాటరీ తీగ మీద తెల్లటి పొడి పేరుకుంటే కరెంటు ఎందుకు సరిగ్గా పారదో చేతితో తెలుసు. తల్లికి వంటలో సాయం చేసే అమ్మాయికి, మూత పెడితే పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందో తెలుసు. రాత పేపరులో ఇంగ్లీషు వాక్యం కుదరక వాళ్లు ఓడిపోతారు. ఆ పేపరు వాళ్ల సైన్సును కాక ఇంగ్లీషును కొలుస్తుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంతో నెలకొల్పినప్పుడు, శాస్త్రగ్రంథాలు అనువదించడానికి దారుల్ తర్జుమా అని ఒక శాఖనే నడిపారు. తెలిసిన భాషలో ఆలోచన సాఫీగా సాగుతుందన్న నమ్మకం దాని వెనుక ఉంది. పిల్లవాణ్ణి నోటితో చెప్పనిస్తే, చేసి చూపనిస్తే, వాడి భాషలో వాడు తెలివైనవాడని బయటపడుతుంది.

మరి న్యాయం తప్పకుండా ఆలోచనను పరీక్షించడం సాధ్యమా? సాధ్యమేనని చేసి చూపినవారున్నారు. మధ్యప్రదేశ్‌లో అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులలో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ప్రభుత్వంతో కలిసి మొదలుపెట్టాయి. తరువాత ఏకలవ్య సంస్థ నడిపింది. పల్లెటూరి సర్కారు బడులలో పిల్లలు ప్రయోగం చేసి, చూసినది రాసుకుని, దాని మీద చర్చించి పాఠం నేర్చుకున్నారు. ఎనిమిదో తరగతి పరీక్షకు పుస్తకం, నోటుబుక్కు వెంట తెచ్చుకోవచ్చు. చూసి రాసినా కాపీ కాదు, ఎందుకంటే ప్రశ్నలు పుస్తకంలో దొరికేవి కావు. ఆలోచిస్తే గాని జవాబు రాదు. దానితోపాటు చేతితో చేసే పరీక్ష ఉండేది. ముప్పై సంవత్సరాలు నడిచిన తరువాత 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. ఆగిపోయినా, పేద బడులలో కూడా ఇట్లాంటి పరీక్ష సాధ్యమని అది రుజువు చేసింది.

మన ఇంటి వస్తువుతో ఒక ఉదాహరణ చెబుతాను. "మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అని అడిగితే పిల్లవాడు "బాష్పీభవనం వల్ల" అంటాడు. రెండు మార్కులు. ఇప్పుడు ప్రశ్న మార్చండి. రెండు కుండలు ముందు పెట్టండి. ఒకదానికి బయట ఆయిల్ పెయింటు వేయండి. "దేనిలో నీళ్లు ఎక్కువ చల్లబడతాయి? ఎట్లా తేల్చుతావు?" అనండి. ఇక్కడ గైడు సాయపడదు. రెండు కుండలూ ఒకే పరిమాణంలో ఉండాలని పిల్లకు తోచాలి. నీళ్లు సమానంగా పోయాలి, ఒకే చోట, ఒకే గాలికి పెట్టాలి. మొదట ఎంత వేడి ఉందో, గంట గంటకూ ఎంత తగ్గిందో థర్మామీటరుతో చూసి రాసుకోవాలి. పెయింటు కుండ సన్నని రంధ్రాలను మూసివేస్తుంది, నీరు బయటికి ఊరి ఆవిరి కాలేదు, అందుకే అది అంతగా చల్లబడదు. "సరే, వానాకాలంలో మామూలు కుండ కూడా ఎందుకు చల్లగా ఉండదు?" అని ఇంకో ప్రశ్న వేయండి. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి తగ్గుతుందని తట్టిన పిల్లకు ఇక బాష్పీభవనం మరిచిపోవడం కష్టం.

దీనికి మార్కులు ఎట్లా వేయాలి? ఏమి గమనించింది, ఏమి ఊహించింది, న్యాయంగా పరీక్షించే పద్ధతి చెప్పిందా, వచ్చిన ఫలితం తన ఊహకు విరుద్ధమైతే ఉన్నదున్నట్టు రాసిందా. నాలుగు అంశాలు, ఒక్కొక్కదానికి అయిదు. ఈ కొలమానం ముందే గోడ మీద అంటించాలి, పిల్లలకూ తెలియాలి. ఒకరు వేసిన మార్కులను ఇంకొక మాస్టారు సరిచూడాలి. పిల్ల నోటుబుక్కు బడిలో భద్రంగా ఉండాలి, అడిగిన తల్లిదండ్రులకు చూపాలి. ఇట్లా చేస్తే ముఖం చూసి మార్కులు వేసే వీలు చాలా తగ్గుతుంది. ట్రేడ్ టెస్టులో మూలమట్టం చేసే పని ఇక్కడ ఆ కొలమానం చేస్తుంది.

ఇక మనం చేయవలసినవి కొన్ని విన్నవించుకుంటాను.

మొదటిది, ప్రాజెక్టు దుకాణంలో కొనవద్దు. పిల్ల చేసిన అట్టబొమ్మ వంకరగా ఉన్నా సరే, అదే బడికి పోవాలి. కొన్న బొమ్మ తీసుకుపోయిన బిడ్డ, డబ్బుతో మార్కులు వస్తాయన్న పాఠం నేర్చుకుంటుంది.

రెండవది, సర్కారు బడులలో, ఎయిడెడ్ బడులలో యాజమాన్య కమిటీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. వాటిలో కనీసం నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులే ఉండాలి. ఎందరు తల్లులు ఆ సమావేశాలకు పోతున్నారు? పోయి రెండు ప్రశ్నలు అడగండి. ప్రయోగశాల బీరువా తాళం ఈ ఏడాది ఎన్నిసార్లు తెరిచారు? మా పిల్ల ఏ ప్రయోగం తన చేతితో చేసింది?

మూడవది, మన పొరుగున ఉన్న శాస్త్ర సంస్థలు. జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28, సీఎస్ఐఆర్ స్థాపక దినమైన సెప్టెంబరు 26 సందర్భాలలో ఇట్లాంటి సంస్థలు విద్యార్థులకు తలుపులు తెరిచే ఆనవాయితీ ఉంది. ముందుగా కనుక్కుని పిల్లలను వెంటబెట్టుకుని పోదాము. ఆడపిల్లలను ఇంట్లో వదిలి పోవద్దు.

నాలుగవది, మన సంఘం గురించి. ప్రతి సంవత్సరం ఎక్కువ మార్కులు తెచ్చిన పిల్లలకు మనం బహుమతులు ఇస్తున్నాము. ఇవ్వవలసిందే. దాని పక్కన ఇంకొక బహుమతి పెట్టమని పెద్దలను కోరుతున్నాను. ఒక నోటుబుక్కు. నెల రోజులు పిల్లవాడు తానుగా ఏదైనా ఒకదాన్ని గమనించి రాయాలి. గోడ మీద చీమల దారి కావచ్చు, నానబెట్టిన సబ్జా గింజలు ఎంత ఉబ్బాయో కావచ్చు, మిద్దె మీద కర్ర నీడ రోజూ మధ్యాహ్నం ఎంత పొడవు ఉందో కావచ్చు. ఉర్దూలో రాయనీ, తెలుగులో రాయనీ, ఇంగ్లీషులో రాయనీ. దాని మీద పేరుకు బదులు నెంబరు వేద్దాము, ఇద్దరు దిద్దుదాము. పదో తరగతిలో తప్పిన పిల్లవాడు కూడా ఆ బహుమతికి అర్హుడే.

పబ్లిక్ పరీక్ష రేపటికి రేపు మారదు. ఆ ఎనభై మార్కులకు మన పిల్లలు చదవక తప్పదు, చదవనీయండి. కాని ఆలోచించడం నేర్చిన బిడ్డకు ఆ ఎనభై కూడా భారం కాదు, ఎందుకంటే అర్థమైనదాన్ని రట్టా వేయనక్కరలేదు. ప్రభుత్వం ఇరవై మార్కులు ఉంచినా, తీసినా, మన ఇళ్లలో ఆ ఇరవైని ఎవరూ రద్దు చేయలేరు. సాయంత్రం పిల్ల ఏదైనా అడిగినప్పుడు "సిలబస్‌లో లేనిది నీకెందుకు?" అనకుండా, "తెలియదమ్మా, ఇద్దరం కలిసి చూద్దామా?" అనగలిగితే చాలు.

ముందు వరుసలో కూర్చున్న పిల్లలూ, మీరు ఇంటికి పోయిన తరువాత రెండు కుండలు సంపాదించండి. ఫలితం వచ్చే సమావేశంలో మాకు చెప్పండి. నేను చెప్పినది తప్పని తేలితే, అది ఇంకా గట్టిగా చెప్పండి.